నాటకశాల ఎవరిది?

ఊళ్లో సరైన బడి లేదు, ఆసుపత్రి లేదు, కూలివాడికి చేతినిండా పని లేదు. అలాంటి చోట నాటకశాల కావాలని అడగటం న్యాయమేనా? ఈ ప్రశ్నను తేలికగా కొట్టిపారెయ్యటానికి వీలులేదు. అయితే అది ఎవరి నోట వచ్చిందో ముందు గమనించాలి. రెక్కాడితేగాని డొక్కాడనివాడు ఈ మాట అంటే అది అతని అనుభవం. తన పిల్లలకు నగరంలో సంగీతమూ నృత్యమూ చెప్పించుకునే పెద్దమనిషి పల్లెటూరివాడితో ఇదే మాట అంటే అది అనుభవం కాదు, పంపకం. కళ నాకు, కూడు నీకు అనే పంపకం. ఆ కూడైనా సరిగా దక్కనివ్వడనేది వేరే సంగతి.

ఇటువంటి ప్రశ్నను గాలిలో చర్చించటం కన్న ఒక ఊరి చరిత్రను ఎదుట పెట్టుకోవటం మేలు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, సాగర తాలూకాలో హెగ్గోడు అనే చిన్న గ్రామం ఉన్నది. కొండలూ, వానలూ, పోకతోటలూ గల మలెనాడు ప్రాంతం అది. 1949లో అక్కడి వారు కొందరు నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం స్థాపించుకున్నారు. మొదటి అక్షరాలు కలిపి దానినే "నీనాసం" అంటారు. దానికి ప్రాణమై నిలిచిన కె.వి. సుబ్బణ్ణ 1932లో పుట్టినవాడు. అంటే అప్పటికి ఇంకా కుర్రవాడే. మైసూరులో ఉన్నత విద్య పూర్తి చేసుకుని కూడా అతను ఊరికే తిరిగివచ్చాడు. ఆ సంఘానికి శివరామ కారంత పేరిట సొంత రంగమందిరం ఏర్పడింది 1972లో. మొదటి అడుగుకూ ఆ మందిరానికీ మధ్య 23 సంవత్సరాలు గడిచాయి.

ఈ 23 సంవత్సరాలను ఆలస్యం అందామా? అనకూడదు. ఆ కాలంలో గోడలు లేవలేదుగాని అంతకన్న కష్టమైనది తయారయింది. చూసే అలవాటు, చూసినదాన్ని గురించి వాదించే అలవాటు, ఒకరి కోసం ఒకరు పని చేసే అలవాటు ఏర్పడ్డాయి. మందిరం వాటి ఫలితమేగాని కారణం కాదు. అందువల్లనే అది పుట్టిన తరవాత ఖాళీగా పడి ఉండలేదు. 1970ల దశకంలో సత్యజిత్ రే, కురొసావా చిత్రాలను ఆ పల్లెటూరు చూసి చర్చించింది. 1980లో నాటక శిక్షణాలయం ఏర్పడింది. 1985లో "తిరుగాట" అనే సంచార నాటక బృందం కర్ణాటకమంతటా ప్రదర్శనలకు బయలుదేరింది. 1991లో సుబ్బణ్ణకు మెగసేసే బహుమతి వచ్చింది. 2005లో అతను మరణించాక కూడా సంస్థ నడుస్తున్నది.

మనకు తెలిసిన అనేక భవనాల కథ దీనికి తలకిందులు. ముందు శంకుస్థాపన, తరవాత ప్రారంభోత్సవం, ఆ తరవాత ప్రేక్షకుల కోసం వెతుకులాట. చివరికి అవి పెళ్లిళ్లకూ సన్మానాలకూ అద్దెకు పోతాయి. ఆ ఊరి నాటక సమాజం మాత్రం అద్దె చెల్లించలేక గుమ్మం బయటే నిలబడుతుంది.

ఇంతవరకు చెప్పి ఆగితే ఇది స్తోత్రపాఠం అవుతుంది. "ఊరివాళ్లు కట్టుకున్నారు" అని మనం సంబరంగా అంటాం. కాని ఊరివాళ్లంటే ఎవరు? తోట యజమాని వేరు, తోటలో కాయ కోసేవాడు వేరు. సాయంకాలం నాటకం అభ్యాసం చెయ్యటానికి తీరిక కావాలి. తీరిక కూడా ఆస్తివంటిదే. అదీ కొందరి దగ్గరే పోగుపడి ఉంటుంది. "సంఘం" అనే మాట ఈ తేడాను కప్పిపుచ్చగలదు. కాబట్టి ఇటువంటి సంస్థను పరీక్షించేటప్పుడు ఎన్ని కుర్చీలున్నాయని కాదు, ఆ కుర్చీల్లో కూర్చున్నదెవరు, వేదిక ఎక్కినదెవరు, ఏ నాటకం ఆడాలో నిర్ణయించినదెవరు అని అడగాలి.

నీనాసం ఈ పరీక్షను కొంతవరకు తనకు తానే పెట్టుకున్నది. 1980ల దశకంలో ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలతో, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతితో, చినువా అచెబె నవల ఆధారంగా కన్నడంలో నాటకం ఆడించింది. కథ అచెబెది, దర్శకత్వం చిదంబరరావు జంబెది. అయినా గొంతూ దేహమూ సిద్దీలవి. ఒక నాటకం వల్ల ఎవరికీ ఎకరం భూమి రాదు. నిజమే. కాని తనను గురించి ఇతరులు చెప్పేది వింటూ బతికినవాడు నలుగురి ఎదుట నిలబడి మాట్లాడటం చిన్న విషయం కాదు. భూమి అడగటానికి కూడా ముందు ఆ నిలబడటం కావాలి.

డబ్బు సంగతి మరింత చిక్కైనది. అదే దశకంలో పల్లెల్లో నాటక, చలనచిత్ర శిక్షణ కోసం నీనాసం చేపట్టిన కార్యక్రమానికి ఫోర్డ్ ఫౌండేషన్ సహాయం అందింది. అమెరికన్ పెట్టుబడి సొమ్ముతో ప్రజా కళా? అని మనలో చాలామందికి కోపం వస్తుంది. ఆ కోపం అర్థం లేనిది కాదు. అయితే ప్రభుత్వ నిధి నిర్మలమనీ, జమీందారు చందా నిర్మలమనీ ఎవరు చెప్పగలరు? వర్గ సమాజంలో మచ్చలేని రూపాయి దొరకదు. అందుచేత అడగవలసినవి రెండు ప్రశ్నలు. దాత చెయ్యి వెనక్కి తీసుకున్న మర్నాడు తెర లేస్తుందా? దాతకు నచ్చని నాటకాన్ని ఆ వేదిక మీద ఆడగలమా? రెండింటికీ అవునని చెప్పగలిగిన సంస్థే ప్రజలది. చెప్పలేనిది, పునాదిరాయి మీద ఎవరి పేరున్నా, దాతదే.

గోడలే అక్కరలేదనే వాదం కూడా మన మధ్య ఉన్నది. దానికి మన చరిత్రే ఆధారం. 1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి సొంత భవనం లేకుండానే తెలుగు పల్లెలను కదిలించింది. నాజర్ బుర్రకథకు ఊరి బయలే రంగస్థలం. సుంకర, వాసిరెడ్డి రాసిన "మా భూమి" నాటకాన్ని ప్రభుత్వం నిషేధించవలసి వచ్చిందంటే ఆ బలం ఎంతటిదో ఊహించవచ్చు. కాని నిర్బంధం వచ్చినప్పుడు దళాలు చెదిరిపోయాయి. ఉద్యమం ఏటి వరదవంటిది. పొలాలన్నీ తడుపుతుంది, తీస్తుంది. కేంద్రం ఊరి చెరువువంటిది. వరద తీశాక కూడా నీరు నిలుపుతుంది. అయితే ఏటేటా పూడిక తియ్యని చెరువు దోమలకే పనికివస్తుంది. వరద వద్దని చెరువు తవ్వేవాడూ, వరద ఉంటే చెరువెందుకనేవాడూ ఇద్దరూ వ్యవసాయం తెలియనివాళ్లే.

కూడు ముందా, నాటకశాల ముందా అనే ప్రశ్నలో మోసం "ముందా" అనే మాటలో ఉన్నది. అది ఆకలిని వరసలో నిలబెడుతుంది. తన కష్టానికి కారణమేమిటో నలుగురితో కలిసి చూడటం, వినటం, వాదించటం నేర్చుకున్న మనిషి కూడు అడిగే తీరు వేరుగా ఉంటుంది. ఆ నేర్పు కలిగించే చోటును అడగటం విలాసం కాదు, హక్కు. కాని హక్కుగా సంపాదించిన చోటు మళ్లీ నలుగురి సొత్తయి కూర్చోకుండా చూడటం, ఆ హక్కు కంటే బరువైన బాధ్యత. మన ఊళ్లలో నాటకశాల కోసం విద్యార్థులూ ఉపాధ్యాయులూ అర్జీ పట్టుకు తిరిగేటప్పుడు, ఆ అర్జీ మీద కూలిపేటవారి సంతకాలు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోవాలి. స్థలం ఎక్కడ, నమూనా ఏమిటి అనేవి ఆ తరవాత తేల్చుకోవలసిన సంగతులు.