పేలిక ఎవరిది?

పత్రికలవాళ్ళు సంకీర్ణ మంత్రివర్గాన్ని తిట్టదలచుకున్నప్పుడల్లా "అతుకుల బొంత" అని రాస్తారు. ఆ మాట రాసేవాళ్ళు ఎన్నడూ బొంత కుట్టి వుండరని నా అనుమానం. కుట్టి వుంటే, బొంత చిరిగేది సాధారణంగా అతుకు దగ్గర కాదనీ, గుడ్డ నలిగి పలచబడిన చోటేననీ తెలిసి వుండేది.

మాది నడిగూడెం, మునగాల జమీందారు కోట వున్న ఊరు. ఒకప్పుడు చుట్టూ నైజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్లాకు చెందిన మా పరగణా. పటంలో చూస్తే అదే ఒక అతుకు. పింగళి వెంకయ్య యిక్కడ వుండి పత్తి మీద పరిశోధన చేశాడని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. (మూడు రంగుల గుడ్డలు కలిపి కుట్టే జెండాను మాత్రం ఎవరూ అతుకుల బొంత అనరు.) వెట్టికీ అక్రమ వసూళ్ళకూ ఎదురు తిరిగి 1930ల చివర రైతులు సత్యాగ్రహం చేసిన పరగణా కూడా యిదే. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినాయి. నేను చెప్పబోయేది ఆ తర్వాత పదిహేనేళ్ళకు, కోటలో కాదు, మా యింటి పంచలో జరిగిన సంగతి.

మా అమ్మ దర్జీకి యింటి దగ్గర కాజాలు కుట్టేది, హుక్కులు వేసేది, రవికల అంచులు మడిచి చేతికుట్టు వేసేది. డజను కాజాలకు యిన్ని పైసలని కూలి. అది చాలదని ఆమెకూ తెలుసు, దర్జీకీ తెలుసు. అందుకే నెలకొకసారి కత్తెర కింద రాలిన పేలికలు మూటగట్టి యిచ్చేవాడు. మూట కూలిలో భాగమని ఎవరూ పైకి అనలేదు. కాని మూట లేకపోతే ఆ కూలికి ఆ పని ఎవరూ చేయరు.

చెల్లెలు పుట్టినప్పుడు ఆ మూటలోంచి ఒక చిన్న బొంత తయారయింది. పసిబిడ్డ వొంటికి కొత్తగుడ్డ గరుకు. పొత్తిళ్ళకు పాత నూలుగుడ్డే మేలు. అమ్మ ముందు పేలికలన్నీ గంజి పోయేదాకా నానబెట్టింది. రంగు దిగే ముక్కలు అక్కడే పట్టుబడ్డాయి. లోపల నాన్న పాత ధోవతి, నాలుగు మడతలు. పైన పేలికలు: సన్నని మల్లుగుడ్డలు నడుమ, బిడ్డ చెంప తగిలే చోట, బడిపిల్లల నిక్కర్ల ఖాకీ ముక్కలు అంచుకు, లాగినా సాగకుండా. చుట్టూ అంచు మడిచి ఒక వరస కుట్టి, అక్కణ్ణుంచి వేలెడు ఎడంతో లోపలికి వరస తర్వాత వరస. దారం కొనలేదు. చినిగిన చీర అంచులోంచి పోగులు లాగి పేనుకున్నది. ఒక్క ఎర్రపూల ముక్కను మాత్రం మూడు రోజులు చేటలో పక్కన పెట్టుకుని, చివరికి ఒక మూలన వేసింది.

బిడ్డను చూడవచ్చిన పెద్దయింటి ఆవిడ ఒకామె ఆ మూల పట్టుకుని చూసింది.

"మా పిల్ల రవికె గుడ్డ మీ యింటికెట్లా వచ్చింది?"

"దర్జీ యిచ్చాడమ్మా."

"ఇయ్యటానికి అతనిదా?"

అంతే. గట్టిగా కూడా అనలేదు. ఆ రాత్రి దీపం దగ్గర అమ్మ ఆ ముక్క కుట్లు విప్పి, తన చీర కొంగులోంచి ముక్క కత్తిరించి ఆ చోట వేసింది. తెల్లవారగానే మడిచిన ముక్క నా చేతికిచ్చి పంపింది. నాలుగు వేళ్ళ వెడల్పు వుంటుందేమో. ఆవిడ నవ్వింది. "వూరికే అన్నానురా, మీ అమ్మను వుంచుకోమను." తిరిగి తెస్తే అమ్మ మళ్ళీ పంపింది.

చాలా ఏళ్ళు యీ కథను తరగతుల్లో భూస్వామ్య అహంకారానికి ఉదాహరణగా చెప్పాను. అది తప్పు కాదు గాని, తేలిక. అసలు సంగతి ఆ నవ్వులో వుంది. నిన్న దొంగసొత్తయిన ముక్క యివాళ దానం ఎట్లా అయింది? రెండు మాటల్లోనూ ఉన్నది ఒకటే: ముక్క తనది. దొంగతనమనవచ్చు, దయ అనవచ్చు. "అది నీ కూలి" అని మాత్రం అనకూడదు.

ఇది గుడ్డకే పరిమితమైన తగాదా కాదు. కోసిన చేలో పరిగె ఏరేవాడు బ్రాహ్మణుడైతే దానికి ఉంఛవృత్తి అని గౌరవం; భారతంలో సక్తుప్రస్థుడు అట్లా ఏరిన గింజల పిండి అతిథికి పెట్టి ధర్మరాజు అశ్వమేధాన్నే చిన్నబుచ్చాడు. ఏరేది దళితవాడ స్త్రీ అయితే ఆసామికి కావలివాడు గుర్తుకొస్తాడు. ఇంగ్లండులో పరిగె ఏరుకోవటం బీదల హక్కు కాదని 1788లో న్యాయస్థానమే తేల్చింది. అడవిలో రాలిన పుల్లలు ఏరటాన్ని దొంగతనం కింద చేర్చబూనిన రైన్ రాష్ట్రపు ప్రతినిధుల సభను యిరవైనాలుగేళ్ళ మార్క్స్ 1842లో "రైనిషె జైటుంగ్" పత్రికలో ఎండగట్టాడు. సొంతదారు హక్కు చెట్టు మీద. రాలిన పుల్ల చెట్టు కాదు అని అతని వాదం.

కాని ఆ వాదం మా అమ్మకు పూర్తిగా సరిపోదు. పుల్ల గాలికి రాలుతుంది. పేలిక కత్తెరకు రాలుతుంది, కత్తెర పట్టినవాడికి కడుపు వుంది. దర్జీ కత్తెర అప్పుడప్పుడు కావాలనే కాస్త పక్కకు జరిగేదా? జరిగేది, దాచటం దేనికి? కుట్టుకూలి చాలినంత యిస్తే కత్తెర తిన్నగా నడుస్తుందని అందరికీ తెలుసు. ఇవ్వకుండా, లోటును పేలికలతో పూడ్చుకోనిచ్చి, పూడ్చుకున్నందుకు ఎప్పుడు కావలిస్తే అప్పుడు వేలెత్తి చూపే హక్కు దగ్గర వుంచుకోవటమే ఆ ఏర్పాటులోని లాభం.

ఈ వాదం ఒక సభలో వినిపించినప్పుడు ఒక విద్యార్థిని లేచి అడిగింది: "కూలి పూర్తిగా యిచ్చి వుంటే మీ అమ్మగారు బొంత కుట్టేవారా?" కుట్టరని చెప్పబోయి ఆగిపోయాను. హైదరాబాదు దుకాణాల్లో యివాళ నిండు తానులను పనిగట్టుకుని ముక్కలు చేసి, తిరిగి అతికి, బొంతలని అమ్ముతున్నారు. లేమిని దాని రూపం చూసి మెచ్చుకునే ఆ వెర్రిని నేను వెక్కిరించాను కూడా. అయితే లేమి అమ్మ చేత బొంత కుట్టించింది గాని, ఎర్రపూల ముక్కను మూడు రోజులు చేటలో ఆపమని చెప్పలేదు. ఆ మూడు రోజులూ ఆమె సొంతం. నా విశ్లేషణలో వాటికి చోటు లేదు. అమ్మను అడగనూ లేదు. అడిగే వయసు నాకు వచ్చేసరికి ఆమె లేదు.

బొంత మా యింట్లోనే వుంది. నిరుడు మనవరాలికి పరిస్తే ఒక మూల చిరిగింది. అతుకు చెక్కుచెదరలేదు; అమ్మ కొంగులోంచి వేసిన ముక్కే పీలికలైంది. నేనే కుట్టబోయాను, సూది మూడు పొరల్లో దిగలేదు. చెల్లెలు వచ్చి ఒక పూట కూర్చుని కుట్టిపెట్టింది. కూలి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.