తీరికకు ఖరీదెంత?

సెల్ ఫోనుకు మనం చెల్లిస్తున్నది దానికి తగిన వెలేనా? ఎవరినైనా ఈ మాట అడిగి చూడండి, వెంటనే దుకాణంలో కట్టిన సొమ్ము సంగతి ఎత్తుకుంటారు. (పత్రికలవాళ్ళు ‘చరవాణి’ అని చక్కని పేరే పెట్టారు గాని, మన ఇళ్ళలో ఎవరి నోటా ఆ మాట నేను వినలేదు. సెల్లు అంటేనే మనకు తెలుస్తుంది.) సొమ్ము లెక్కతోనే మొదలుపెడదాం, అది త్వరగా తేలిపోతుంది కాబట్టి.

పన్నెండు వేల ఫోను మూడేళ్ళు పనిచేస్తుందనుకుందాం. నెలకు మూడు వందల చొప్పున రీచార్జికి ముప్ఫై ఆరు నెలలకు 10,800 రూపాయలు. వెరసి 22,800. రోజుకు ఇరవై ఒక్క రూపాయి పడుతుంది, అంటే రెండు టీల ఖర్చు. రోజు కూలితో బతికేవాడికి ఇది కూడా భారమే, కాదనను. కానీ పాత రోజులతో పోల్చి చూడండి. 1995 జూలై 31న మన దేశంలో మొదటి మొబైలు కాల్ నడిచింది. కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో మనం చేసిన కాల్‌కే కాదు, మనకు వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. సామాన్యుడికి ఎస్.టి.డి. బూతే గతి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని అక్కడ వరుసలో నిలబడి, ఎర్రంకెలు గబగబా మారుతుంటే సగం మాట మింగేసి వచ్చిన రోజులు మనలో చాలామందికి గుర్తే. 2016 తర్వాత ఇంటర్నెట్టు ఎంత చవక అయిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ మధ్య రేట్లు మళ్ళీ పెరిగాయి, అయినా డబ్బు ఒక్కటే లెక్క అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. సెల్లు చవకే.

ఆ సొమ్ముకు అది ఇచ్చేదీ తక్కువ కాదు. షోలాపురంలో బీడీలు చుట్టే తల్లి, కరీంనగర్ జిల్లాలో ఉన్న తన అన్నగారి మొహం చూస్తూ మాట్లాడుతుంది. ఇదివరకు పెళ్ళికో చావుకో తప్ప చూడని మొహం. పుట్టు చెవిటివాళ్ళ సంగతి ఆలోచించండి. టెలిఫోను వచ్చి వందేళ్ళు దాటినా వాళ్ళకు దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. బొమ్మ కనిపించే ఫోను వచ్చాకే, చేతి సైగలతో దూరాన ఉన్న మనిషితో కడుపారా మాట్లాడుకోగలుగుతున్నారు. ఈ ఒక్క మేలు చాలదా అనిపిస్తుంది నాకు కొన్నిసార్లు. తెలుగు పుస్తకాల దుకాణం లేని ఊళ్ళో ఉన్నవాడికి తెలుగు పుస్తకం అరచేతిలోకి వచ్చింది. మన లిపి కూడా ఆ యంత్రంలో కుదురుకుంది, కాస్త అల్లరి చేసినా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒక విధంగా కూడి వస్తే ఐఫోన్లు నిలిచిపోయాయి. కొద్ది రోజుల్లోనే తయారీదారులు సరిచేసుకున్నారు గాని, జ్ఞానంలోని మొదటి అక్షరానికే అంత ఖరీదైన యంత్రం తట్టుకోలేకపోయిందని మనం నవ్వుకోవడానికి ఒక సందు దొరికింది.

ఇక మన కంటికి కనిపించని ఖర్చు ఒకటుంది. దాన్ని మోసేవాళ్ళు వేరు. బ్యాటరీలోకి వెళ్ళే కోబాల్టులో ప్రపంచానికి సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో నుంచి వస్తుంది. అక్కడ చేతులతో గుంతలు తవ్వే బీదల గురించి కోలారు బంగారు గనుల తెలుగువాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి గాని, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని ఎలా తినేస్తుందో ఆ కుటుంబాలకు తెలుసు. అంత దూరమెందుకు? కోలారు జిల్లాలోనే నరసాపుర దగ్గర ఐఫోన్లు తయారుచేసే కర్మాగారంలో 2020 డిసెంబరులో, జీతాలు సరిగ్గా ఇవ్వడం లేదని కార్మికులు అద్దాలు పగలగొట్టేదాకా వెళ్ళారు. ఈ ఖర్చు నిజమైనదే. కానీ ఇది చొక్కాకూ టీపొడికీ కూడా వర్తిస్తుంది కనుక సెల్లుకు ప్రత్యేకమైన నేరంగా చూపలేం.

మరొక చిక్కు. ఒక వస్తువు దాని వెలకు తగినదా అని అడగాలంటే, వద్దనుకునే స్వేచ్ఛ ముందు ఉండాలి. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిస్థలాల్లో హాజరు ఫోనులో ఫొటో తీసి ఎక్కించాలన్నారు. బ్యాంకు ఖాతాలో డబ్బు కదలాలంటే ఫోనుకు నంబరు వస్తుంది, అది చెప్పాలి. 2020లో బడులు మూసినప్పుడు, ఇంట్లో ఫోను లేని పిల్లవాడికి బడే లేకుండా పోయింది. ఫోను కొనకుండా ఉండడం ఇప్పుడు ఉన్నవాళ్ళు చేయగలిగిన వ్రతం. కూలివాణ్ణి పట్టుకుని ‘ఎందుకయ్యా కొన్నావు’ అని నీతులు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాబట్టి కొనాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. కొన్నాక అది మన దగ్గర ఏం తీసుకుంటోంది అన్నదే అసలు విషయం.

అమెరికా రచయిత థోరో 1854లో వెలువరించిన ‘వాల్డెన్’లో, వస్తువు ఖరీదును డబ్బుతో కాక అది మన ఆయుష్షులో ఎంత భాగం తీసుకుంటుందో దానితో కొలవాలన్నాడు. ఆ కొలబద్ద పెడితే సెల్లు లెక్క తారుమారవుతుంది. రోజుకు మూడు గంటలు దాని మీద పోతే, మేలుకుని ఉండే పదహారు గంటల్లో ఐదో వంతు దగ్గర దగ్గరగా పోయినట్టు. రోజుకు రెండు టీలని మనం చెప్పుకున్న లెక్కలోకి ఈ మూడు గంటలు రానే రాలేదు.

అయితే థోరో లెక్క ఒంటరి మనిషిది. మనలాంటివాళ్ళకు అది చాలదు.

ఆంధ్రలోనో తెలంగాణలోనో పుట్టిన పిల్లవాడు ఇంట్లో ఎవరితో మాట్లాడకపోయినా తెలుగు వాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. బడిలో ఉంటుంది, బస్సు మీది బోర్డులో ఉంటుంది, అంగట్లో బేరంలో ఉంటుంది. హోసూరులోనో షోలాపురంలోనో బరంపురంలోనో ఉన్న మన పిల్లవాడికి అలా రాదు. 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు బరంపురం అటు వెళ్ళింది. 1956లో రాష్ట్రాలు భాషల ప్రకారం విడిపోయినప్పుడు మనం ఉన్నచోటే ఉండిపోయాం. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడిలో తమిళం ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. ఆ ప్రాంతపు భాష నేర్చుకోవద్దని ఎవరంటారు? అది మన అన్నం పెట్టే భాష. కానీ దాని పక్కన తెలుగుకు మిగిలిన చోటు ఏది? ఇల్లు. ఇంట్లోనైనా పొద్దున హడావిడిలో కాదు. సాయంత్రం అరుగు మీద, కరెంటు పోయినప్పుడు, నిద్ర పట్టేలోపల. తీరిక వేళ తప్ప మన భాషకు వేరే బడి లేదు. సెల్లు సరిగ్గా ఆ తీరిక వేళనే అడుగుతోంది. అందుకే అదే ఫోనుకు విజయవాడవాడు ఇచ్చే వెల ఒకటి, మనం ఇచ్చే వెల మరొకటి.

తీరిక అన్నాను గాని ఆ మాటను కొంచెం సరిచేసుకోవాలి. మన ఆడవాళ్ళకు తీరిక అనేది ఎప్పుడుండేది కనక? ఉండేదల్లా చేతులకు పని, నోటికి తీరిక. చింతపండు గింజ తీసేటప్పుడు, నానబెట్టిన అనపగింజలు పితికేటప్పుడు, ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుట్టేటప్పుడు చేతులు వాటంతట అవి నడుస్తుంటాయి. నోరు ఖాళీ. ఆ ఖాళీలోనే పొడుపుకథలు, పాటలు, తిట్లు, ఊరిలో ఎవరికి ఎవరు ఏమవుతారన్న వంశవృక్షాలు అన్నీ పిల్లల చెవిన పడేవి. కి. రాజనారాయణన్ తమిళంలో రాసిన ‘గోపల్ల గ్రామం’ 1976లో వచ్చింది. తెలుగువాళ్ళు దక్షిణానికి వలస వెళ్ళిన కథ అందులో ఒక ముసలవ్వ చెబుతుంది. రాసింది తమిళంలోనైనా ఆ కథ అన్ని తరాలు దాటి ఆయన దాకా వచ్చిందంటే, బడి మోసి తెచ్చింది కాదు. చేతికి పనీ నోటికి తీరికా ఉన్న అవ్వలు మోశారు.

ఇప్పుడు చేట పక్కన సెల్లు నిలబెట్టి ఉంటుంది. చేతులు ఎప్పటిలాగే నడుస్తుంటాయి, నోరు మాత్రం మూసుకుంది. సీరియల్లో మనుషులు మాట్లాడుకుంటున్నారు కదా, మనకెందుకు? అది తప్పు అని తేలిగ్గా అనేయలేను. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. నడుము విరిగే పని. ఒక పాటో ఒక కథో ఆ బాధను మరిపిస్తే వద్దనడానికి నేనెవరిని? భాషను బతికించే బాధ్యతంతా అలసిపోయిన ఆడవాళ్ళ నోటి మీద పెట్టి, మగవాళ్ళం మాత్రం రచ్చబండ దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చోవడం న్యాయం కాదు.

‘టీవీ వచ్చినప్పుడూ ఇలాగే ఏడ్చారు కదా’ అంటారు కొందరు. నిజమే, ఏడ్చాం. కానీ టీవీ ఇంటికి ఒకటి. దాని ముందు నలుగురూ కూర్చుని, అత్తగారి పాత్రను నలుగురూ కలిసి తిట్టేవారు. ఆ తిట్టు తెలుగులోనే ఉండేది. సెల్లు మనిషికి ఒకటి. చెవిలో తీగ పెట్టుకున్నవాడు ఎవరిని తిట్టినా లోపలే.

ఇంతకంటే గట్టి వాదన ఇంకొకటుంది. ఫోనులో ఉన్నంత తెలుగు ఏ అవ్వ దగ్గరా లేదంటారు. సినిమాలు, పాటలు, ప్రవచనాలు, అష్టావధానాలు, ఏది కావాలంటే అది. మన పిల్లలు చెవితో వినే తెలుగు పాతకాలం కంటే పెరిగి ఉండవచ్చు కూడా. ఒప్పుకుంటాను. కానీ వినడం వేరు, బదులు చెప్పడం వేరు. ఫోను మన బదులు కోసం ఆగదు. తప్పు పలికితే నవ్వదు, దిద్దదు. రెండోది, అందులో ఉండే తెలుగు మన తెలుగు కాదు. అవ్వ ‘ఉండాది’ అంటుంది, ఫోనులో ఎక్కువమంది ‘ఉంది’ అంటారు. గొర్రు, గుంటక, కళ్ళం అన్న మాటలు అక్కడ అరుదుగా వినిపిస్తాయి. రోజూ ఆ తెలుగే వినే పిల్లవాడు కొన్నాళ్ళకు అవ్వది తప్పు తెలుగు అనుకుంటాడు. ఆమె ముందు మాట్లాడడానికి సిగ్గుపడతాడు, లేదా ఆమెనే వెక్కిరిస్తాడు. నాలుగు వందల ఏళ్ళు పక్క భాషల మధ్య నిలిచిన యాస, సొంత భాష చేతనే నోరు మూసుకోవలసి రావడం నాకు అన్నిటికంటే కష్టంగా తోస్తుంది. ఇక రాయడం అంటారా, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపేవాడే ఎక్కువ. అదైనా నయమే అనుకునే దశకు వచ్చాం.

నా మట్టుకు నేను తేల్చుకున్నది చెబుతాను. పనికి వాడే సెల్లు, అంటే కబురు, డబ్బు, వైద్యుడి చీటీ, దూరాన ఉన్న మనిషి మొహం, ఇవన్నీ పెట్టిన వెలకు పదింతలు తిరిగి ఇస్తాయి. పొద్దుపుచ్చడానికి వాడే సెల్లు మనం ఇంతవరకు కొన్న వస్తువులన్నిటిలోకీ ఖరీదైనది. తంటా ఏమిటంటే రెండూ ఒకే పెట్టెలో వస్తాయి. అన్నయ్యకు ఫోను చేద్దామని తీసినవాడు అరగంట తర్వాత తల ఎత్తి, ఎందుకు తీశానా అని ఆలోచిస్తాడు. పెద్దవాడు తన అరగంట తను పోగొట్టుకుంటే అది వాడి ఇష్టం. కానీ అన్నం తినడానికి మారాం చేసే రెండేళ్ళ పిల్ల ముందు ఫోను పెట్టినప్పుడు వెల కట్టేది పిల్ల, బేరం ఆడింది మనం. ఆ పిల్ల పోగొట్టుకుంటున్నది ఏమిటో దానికి తెలియదు, పెద్దయ్యాక కూడా తెలియదు, ఎందుకంటే లేని మాటను ఎవరూ తలుచుకోలేరు.

అందరూ అలాగే ఉన్నారని కాదు. కొన్ని ఇళ్ళలో అవ్వ చెప్పే కథలను మనవళ్ళు ఫోనులోనే పట్టి దాచుకుంటున్నారు. అలాంటిది ఒకటి విన్నాను. నలభై నిమిషాలు. మధ్య మధ్య అవ్వ కథ ఆపి, ‘ఊఁ కొట్టరా, నిద్రపోతివా?’ అని అడుగుతుంది. పిల్లవాడు ‘ఊఁ’ అంటాడు. అప్పుడు గాని ఆమె ముందుకు సాగదు. అవ్వ ఇప్పుడు లేదు. ఆ ఇంటి చిన్నపిల్లలకు దాన్ని వినిపిస్తుంటారట. ఆమె అడిగినప్పుడల్లా, ఫోనులోని పిల్లవాడు ‘ఊఁ’ అనేలోపలే వాళ్ళూ ‘ఊఁ’ అంటారట.