మంచు నేలపై చక్రం పట్టు

బ్రిటన్‌కు చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ రూపొందించిన ‘ఎలీట్ డేంజరస్’ అనే కంప్యూటర్ ఆటలో, 2015 చివర వెలువడిన ‘హొరైజన్స్’ విస్తరణతో, ఆటగాడు నౌకను గ్రహంపై దింపి, రోవర్‌ను, అంటే పరాయి నేలపై తిరిగేందుకు నిర్మించిన చక్రాల బండిని, మంచు మైదానాలపై నడిపే అవకాశం కలిగింది.

అక్కడ బండి కదలడం తేలిక; ఆగడమే కష్టం. పాచి పట్టిన చెరువు మెట్లపై నిండు బిందెతో నడిచే మనిషి ప్రతి అడుగునూ ఆనించి చూసుకున్నట్టే, ఆ బండిని నడిపేవారు వాలు మొదలుకాక ముందే వేగం తగ్గించుకోవలసి ఉంటుంది.

దీనికి కారణం మంచు నునుపు ఒక్కటే కాదు. చక్రానికి నేలపై దొరికే పట్టు, అంటే ఘర్షణ, బండి బరువును బట్టి ఉంటుంది. ఆ బరువు గ్రహపు గురుత్వాకర్షణను బట్టి ఉంటుంది. అయితే ద్రవ్యరాశి, అనగా బండిలో ఉన్న పదార్థపు మొత్తం, ఎక్కడికి వెళ్లినా మారదు గనుక, బరువు తగ్గినచోట పట్టు తగ్గుతుంది గాని, దూసుకుపోయే ఊపు తగ్గదు. పట్టు తగ్గుతుంది, ఊపు తగ్గదు. బ్రేకు వేసినా బండి జారడానికి, చిన్న గుట్ట తగిలితే ఎగిరి పల్టీలు కొట్టడానికి ఇదే మూలం.

నిజానికి గురుగ్రహపు ఉపగ్రహమైన యూరోపా వంటి చోట, చలి తీవ్రత వల్ల మంచు రాయిలా గట్టిపడి ఉంటుంది. భూమిపై మంచును జారుడుగా మార్చే పలుచని తడిపొర అక్కడ ఏర్పడటం కష్టం. కాబట్టి నునుపు సంగతిలో ఆట కాస్త అతిశయించినా, బరువు సంగతిలో అతిశయోక్తి లేదు. యూరోపాపై వస్తువు బరువు భూమిపై ఉన్నదానిలో ఏడో వంతుకు లోపే. అటువంటి మంచు ఉపగ్రహంపై ఇంతవరకు ఏ రోవరూ తిరగలేదు. చక్రాల రోవర్లు తిరిగినది చంద్రుడిపై, కుజుడిపై మాత్రమే.