విడిచిపెట్టిన తోటలో ఏం మొలుస్తుంది?



శాంటా క్లారా నుండి 880 రహదారి మీద ఉత్తరానికి వెళ్తే ఓక్లాండ్, బర్కిలీ పట్టణాల వెనుక కొండలు కనబడతాయి. అక్కడ బెరడు ఊడిపోతూ, ఆకాశమంత ఎత్తున నిలబడిన చెట్లను మనలో చాలామంది చూడగానే గుర్తుపడతాం. మన ఊళ్లలో జామాయిల్ అంటామే, వాటి బంధువులే ఈ యూకలిప్టస్ చెట్లు. ఇవి ఆస్ట్రేలియా నుండి వచ్చినవి. లాభం లెక్క వేసుకొని, వరుసలు తీసి నాటినవి.

1907లో అమెరికా అటవీ శాఖ గట్టి కలపకు కొరత రాబోతోందని హెచ్చరించింది. త్వరగా పెరిగే యూకలిప్టస్ నాటితే కొద్ది ఏళ్లలోనే ధనవంతులం కావచ్చనే ఆశ కాలిఫోర్నియా అంతటా పుట్టింది. 1910లో ఫ్రాంక్ హేవెన్స్ అనే వ్యాపారి కంపెనీ పెట్టి, ఈ కొండల మీద లక్షల మొక్కలు నాటించాడు. తీరా చూస్తే లేత చెట్ల కలప ఆరేటప్పుడు మెలితిరిగింది, పగిలిపోయింది. ఆస్ట్రేలియాలో పేరుపొందిన కలప ఎన్నో ఏళ్లు ముదిరిన చెట్లది. కొద్ది సంవత్సరాలకే వ్యాపారం మూతబడింది. నాటినవాళ్లు వెళ్లిపోయారు, చెట్లు మిగిలాయి.

ఆ తర్వాత చాలాచోట్ల ఆ చెట్ల నీడలోనే ఇక్కడి ఓక్, బే మొక్కలు మొలిచాయి. జే పక్షులు, ఉడుతలు ఓక్ కాయలను తర్వాత తిందామని మట్టిలో దాచుకుంటాయి. తినకుండా వదిలేసినవి మొలకెత్తుతాయి. ఇక్కడి ఓక్ మొక్క నీడను ఓర్చుకోగలదు, ఏళ్ల తరబడి చిన్నగానే ఉండి వేచి ఉండగలదు. బర్కిలీ దగ్గరి క్లేర్‌మాంట్ లోయలో యూకలిప్టస్ చెట్లను తీసివేసినప్పుడు, అప్పటికే కింద ఉన్న ఈ మొక్కలు వెలుగు తగిలి పైకి లేచాయి.

లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏడవ సంవత్సరం భూమికి విశ్రాంతి ఇమ్మని దేవుడు ఆజ్ఞాపించాడు. 26వ అధ్యాయంలో మరో మాట ఉంది. ప్రజలు ఆ విశ్రాంతి ఇవ్వకపోతే, వాళ్లు చెరలోకి పోయిన కాలంలో భూమి తన విశ్రాంతిని తానే తీసుకుంటుంది. మొదటిది విధేయతతో ఇచ్చిన విశ్రాంతి, రెండవది ఓటమి వల్ల దొరికిన విశ్రాంతి. హేవెన్స్ భూమి మీద దయతో చేయి తీయలేదు, నష్టం వచ్చి తీశాడు. కాబట్టి ఆ ఓక్ చెట్ల ఘనత అతనికి చెందదు. అయినా నేల మేలు పొందింది. మరి మన ఓటమిలో నుండి దేవుడు మేలు పుట్టిస్తాడంటే, మనం చేయవలసింది ఏమీ లేదా?

ఈ ప్రశ్న మన ఇళ్లలోనే ఉంది. ఈ లోయలో మనం పిల్లలను కూడా వరుస తీసి నాటుతాం. ఏ ట్యూషన్, ఏ కాలేజీ, ఏ కంపెనీ, ఎన్నేళ్లకు ఎంత జీతం అన్నీ ముందే లెక్క వేస్తాం. ఒక రోజు అబ్బాయి కంప్యూటర్ చదువు మధ్యలో మానేసి ఇంటికి వస్తాడు. అమ్మాయి ఈ ఉద్యోగం ఇక చేయలేనంటుంది. ఆదివారం ఆరాధనకు రావడానికి కూడా తల్లిదండ్రులకు ముఖం చెల్లదు. తోట పోయిందనుకుంటారు. కొందరు కోపంతో మాట్లాడటం మానేస్తారు. మరికొందరు "దేవుడే చూసుకుంటాడు" అని చేతులు దులుపుకుంటారు.

ఆ కొండలు ఈ రెండింటినీ ఒప్పుకోవు. ఓక్ మొలవాలంటే పక్షి ఎగిరి రాగలిగినంత దగ్గరలో ఒక తల్లి చెట్టు ఉండాలి. వదిలేసిన నేలలో ఫ్రెంచ్ బ్రూమ్ లాంటి కలుపు కూడా అంతే ధీమాగా పెరుగుతుంది. కాబట్టి చేయి తీయడం వేరు, దూరమైపోవడం వేరు. మన లెక్క తప్పిన తర్వాత కూడా ఆ బిడ్డతో కలిసి భోంచేసే బల్ల, మోకరించి చేసే ప్రార్థన, నిందించకుండా వినే చెవి దగ్గరలోనే ఉండాలి.

పాత వరుసల విషయంలోనూ వివేకం కావాలి. 1991లో ఓక్లాండ్ కొండల్లో 25 మందిని బలిగొన్న మంటలకు ఎండిన యూకలిప్టస్ ఆకు, బెరడు కూడా ఆజ్యం పోశాయి. అదే జాతి చెట్లు శాంటా క్రూజ్‌లోని నేచురల్ బ్రిడ్జెస్ తీరంలో చలికాలపు మోనార్క్ సీతాకోకచిలుకలకు ఆశ్రయమిస్తాయి. పాత ఆశలన్నీ పాపం కాదు. ప్రమాదమైనది తీసేయాలి. తీసేటప్పుడు మాత్రం పెద్ద చెట్టు చిన్న మొక్క మీద పడకుండా చూడాలి.

విత్తినవాడు నిద్రపోతూ లేస్తూ ఉండగా, అతనికి తెలియకుండానే విత్తనం పెరిగే ఉపమానం మార్కు సువార్త 4వ అధ్యాయంలో ఉంది. మీ ఇంట్లో ఏదైనా వరుస కూలిపోయి ఉంటే, ఈ వారం ఒక్కసారి నేలవైపు చూడండి. మీరు నాటనిది, మీ లెక్కలో లేనిది ఏదైనా అక్కడ రెండాకులు వేసిందేమో. దాని పేరు మీకు తెలియకపోతే ఆ బిడ్డనే అడగండి.

అట్టి చూపును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.