బండల మూలలూ అమానతే



తాండూరు అనగానే కందిపప్పు, నాపరాయి గుర్తుకొస్తాయి. కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక నాపరాయి సంగతి చెప్పనక్కర లేదు. ఇటు వికారాబాదు, అటు తాండూరు, ఏ దుకాణంలో, ఏ ఫంక్షన్ హాలులో, ఏ మసీదులో అడుగుపెట్టినా కాళ్ల కింద అదే. ఆ రాయిని తవ్వేవారిని, పాలిష్ పట్టేవారిని తలచుకుంటాము. దాన్ని రోజూ తుడిచి కూలి తీసుకునే వారిని మాత్రం ఎవరూ తలవరు. వారి పనిలోనూ ధర్మం ఉంది.

ఒక ప్రయాణంలో నమాజు వేళ ముంచుకొచ్చి సహాబాలు తొందర తొందరగా వుజూ చేసుకున్నారు. మడమలు సరిగా తడవలేదు. అది చూసిన దైవప్రవక్త (స) ఆ మడమలకు నరకాగ్ని ఉందని బిగ్గరగా హెచ్చరించారు. మరో వ్యక్తి పాదం మీద గోరంత చోటు పొడిగా మిగిలితే, వెనక్కి వెళ్లి చక్కగా వుజూ చేసుకు రమ్మని ఆయన ఆదేశించినట్లు హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. గోరంత చోటేగా అని ఆయన వదిలిపెట్టలేదు.

నేలకూ మడమలుంటాయి. తలుపు వెనక, బల్ల కింద, గోడ నేలను తాకే అంచు, మెట్ల మూల. నడిమి భాగం తళతళలాడితే యజమాని సంతోషిస్తాడు, మూలకు ఎవరి చూపూ పోదు. కాని కూలి మాట్లాడుకున్నది హాలు మొత్తానికి కదా! నడుమ తుడిచి మొత్తానికి డబ్బు తీసుకుంటే అది తూకంలో కోత. ముతఫ్ఫిఫీన్ సూరా తక్కెడ పట్టుకున్న వర్తకుడికే పరిమితమని ఎవరన్నారు? చీపురు పట్టినవాడూ ఒకటి కొలిచి ఇస్తున్నాడు.

పని తెలిసినవాడు ముందు పొడిగా ఊడుస్తాడు. ఇసుక రేణువు మీదే తడిగుడ్డ రుద్దితే బండ గీసుకుపోతుంది. బకెట్లో నీళ్లు నల్లబడగానే మారుస్తాడు. లేకపోతే ఒక గదిలోని మురికిని మరో గదిలో పూసినట్లే. సబ్బు జిగురు మిగలకుండా మంచినీళ్లతో మళ్లీ తుడిచి, ఆరేదాకా మనుషుల్ని ఆపుతాడు. తడి బండ మీద ఒక ముసలాయన జారిపడితే ఆ పాపం ఎవరిది? బాట మీది ముల్లు తీయడాన్ని ఈమాన్‌లో భాగమన్న ధర్మం మనది.

మరకలు త్వరగా పోతాయని యాసిడ్ పోసేవారూ ఉన్నారు. నాపరాయి సున్నపురాయి జాతి. యాసిడ్ పడగానే నురగలు కక్కుతుంది, పాలిష్ తినేస్తుంది, బండ తెల్లగా పాలిపోతుంది. గరుకెక్కిన ఆ చోటే రేపు ఇంకా ఎక్కువ మురికి పడుతుంది. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఒక గంట పని తగ్గించుకోవడానికి ఇతరుల సొమ్మునీ, తన ఊపిరినీ పాడు చేసుకోవడమే ఇది. రెండూ అల్లాహ్ అప్పగించిన అమానతులే.

ఇంతవరకు కూలివాడికి చెప్పాము. యజమానులారా! మూడంతస్తులను ఒక్క మనిషికి అప్పగించి, తెల్లవారేలోపు ముగించమంటే అతడు మూలలు వదలక ఏం చేస్తాడు? చేతి తొడుగులు కొనడానికి వెనకాడి, మరక కనిపిస్తే కూలి కోసేవారు మనలోనే ఉన్నారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసును జుమా ప్రసంగంలో విని, ఆ సాయంత్రమే రేపు రా అనేవారూ ఉన్నారు. ఊడ్చే పనేగా అన్న చిన్నచూపే దీనికంతటికీ మూలం.

మస్జిదె నబవీని ఊడ్చే ఒకరు మరణించారు. ఆ వ్యక్తి స్త్రీయో పురుషుడో ఉల్లేఖకునికే సందేహం. చిన్న విషయమనుకొని సహాబాలు ప్రవక్త (స)కు చెప్పకుండానే ఖననం చేశారు. ఆ మనిషి కనిపించకపోయేసరికి ఆయనే అడిగారు. నాకెందుకు తెలియజేయలేదని ప్రశ్నించి, సమాధి ఎక్కడో చూపించమన్నారు. అక్కడికి వెళ్లి నిలబడి జనాజా నమాజు చేశారు.