దారి మార్చుకుంటే దేవుడి మీద నమ్మకం తగ్గినట్టా?

ప్రయాణాల మీద చేసిన వీడియోలో ఒక విషయం చెప్పడానికి టైమ్ సరిపోలేదు. నిజానికి చెప్పడానికి కొంచెం సిగ్గుపడ్డాను కూడా. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా పిన్నికి 2025 జూన్ 28న హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌కి టికెట్. చెల్లి పురిటికి వెళ్తోంది. పిన్నికి ఇంగ్లీష్ రాదు. అందుకని వీల్‌చెయిర్ పెట్టించాం, వాట్సాప్ గ్రూపులన్నీ గాలించి అదే విమానంలో వెళ్తున్న వరంగల్ ఆవిడ ఒకరిని తోడు కుదిర్చాం. సూట్‌కేసులో బాలింత కాయం, కారప్పొడులు, పసిబిడ్డకని మెత్తబడ్డ పాత చీరలు. అంతా సిద్ధం.

జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడులు మొదలుపెట్టింది. 23న ఇరాన్ క్షిపణులు దోహా దగ్గరి అల్ ఉదేద్ సైనిక స్థావరం మీదికే వచ్చాయి. ఖతార్ గగనతలాన్ని కొన్ని గంటలు మూసేశారు. మళ్ళీ తెరిచారు, మర్నాడు కాల్పుల విరమణ అన్నారు. అది నాలుగు రోజులైనా నిలుస్తుందో లేదో చెప్పగలిగేవాళ్ళు లేరు.

పిన్ని మాత్రం ధీమాగా ఉంది. "చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేశాన్రా. వీసా ఇప్పించినవాడు విమానం దించలేడా?" అంది. నేనూ వెంటనే "అవును పిన్నీ, స్వామి ఉన్నాడు, ఏం కాదులే" అన్నాను.

ఇప్పుడు నిజం చెప్తాను. టికెట్ డబ్బు కట్టింది నేనూ చెల్లీ. విమానాన్ని వాళ్ళు రద్దు చేస్తే డబ్బు వెనక్కొస్తుంది; మనంతట మనం మార్చుకుంటే పెనాల్టీ, పైన కొత్త టికెట్ రేటు. లెక్కేస్తే 62 వేలు తేలింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలు తిరగేస్తే, యుద్ధం వల్ల జరిగే నష్టం వర్తించదని రాసుంది. అంటే నేను "స్వామి ఉన్నాడు" అన్నప్పుడు నా మనసులో ఉన్నది స్వామి కాదండీ, ఆ 62 వేలు. పిన్ని మాటా నా మాటా ఒకటే. ఆవిడది మాత్రం నమ్మకం.

ఆ రాత్రి నిద్ర పట్టక భాగవతం దశమ స్కంధంలో జరాసంధుడి ఘట్టం గుర్తుచేసుకున్నాను. పదిహేడు సార్లు మధుర మీదికి వచ్చాడు, పదిహేడు సార్లూ ఓడిపోయాడు. మళ్ళీ వస్తున్నాడు, ఈలోపు ఇంకోవైపు నుంచి కాలయవనుడు ముట్టడించాడు. కృష్ణుడు ఏం చేశాడు? సముద్రంలో ద్వారక కట్టించి జనాన్నంతా అక్కడికి తరలించాడు. యుద్ధం వదిలి వెళ్ళినవాడని, రణ్‌ఛోడ్ అని పేరొచ్చింది. గుజరాత్‌లోని డాకోర్‌లో ఆ పేరుతోనే పూజిస్తారు. వెటకారం మాటే గుడిలో నామమైంది చూడండి!

అదే కృష్ణుడు, దుర్యోధనుడు తనని బంధించే ఆలోచనలో ఉన్నా రాయబారానికి హస్తినకు వెళ్ళాడు. మరి అప్పుడెందుకు దారి మార్చుకోలేదు? నాకు తోచింది చెప్తాను, తప్పయితే సరిదిద్దండి. మధురలో ముప్పు పసిపిల్లలకీ ముసలివాళ్ళకీ. హస్తినలో ముప్పు తన ఒక్కడికి. పైగా ఆ పని ఇంకో దారిలో అయ్యేది కాదు. డాలస్‌కి ఇంకో దారి ఉంది. ఆ విమానంలో కూర్చునేది నేను కాదు, పిన్ని. నా నాలుగేళ్ళ కూతురు ఒంటరిగా ఎక్కాల్సి ఉంటే "ఏం కాదులే" అనేవాణ్ణా?

పొద్దున్నే టికెట్ మార్చాం. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, జులై 5కి దొరికింది.

తోడు కుదిరిన వరంగల్ ఆవిడ మార్చుకోలేకపోయారు. అంత డబ్బు లేదన్నారు. మనం ఇలా దారుల గురించి ధర్మసందేహాలు పడుతుంటాం గానీ, జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో పనికి వెళ్ళేవాళ్ళకి దోహా మధ్యలో దిగే ఊరు కాదు, చేరాల్సిన ఊరే. సెలవు అయిపోతే వెళ్ళాల్సిందే. వాళ్ళని పిరికివాళ్ళనీ అనలేం, మొండివాళ్ళనీ అనలేం.

28న ఆ విమానం సుఖంగా వెళ్ళింది. చేరానని ఆవిడ మెసేజ్ పెట్టారు. జులై 2నే చెల్లికి నొప్పులు వచ్చి పాప పుట్టేసింది. పిన్ని వెళ్ళేసరికి పాప మూడు రోజుల పిల్ల. పురిటి గదిలో చెల్లి పక్కన అమ్మ లేదు. ఆ మాట చెల్లి ఇప్పటికీ ఒక్కోసారి అంటుంది, నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో కొందరు "అనవసరంగా భయపడ్డారు" అన్నారు.

అనవసరమేనా? 2014 జులై 17న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ వెళ్తున్న ఎంహెచ్17 విమానాన్ని తూర్పు ఉక్రెయిన్ మీద కూల్చేశారు. 298 మంది పోయారు. అక్కడ 32,000 అడుగుల లోపు ఎగరొద్దని ఆంక్ష ఉంది. ఆ విమానం 33,000 అడుగుల్లో ఉంది. రూలు ప్రకారం సరైన దారే. ముందు రోజు అక్కడి నుంచి వెళ్ళినవాళ్ళంతా క్షేమంగా దిగారు. వాళ్ళు క్షేమంగా దిగినంత మాత్రాన ఆ దారి మంచిదైపోయిందా? మా విమానం సుఖంగా వెళ్ళడం కూడా అంతే. ఫలితం మన చేతిలో లేదని గీతలో చదువుతాం, కానీ ఫలితం చూశాకే నిర్ణయానికి మార్కులేస్తాం.

పిన్నిని మాత్రం ఒకసారి అడిగాను, కోపం వచ్చిందా అని. నవ్వింది. "చిలుకూరులో 108 ప్రదక్షిణలు బాకీ ఉన్నానురా. మోకాళ్ళు చూస్తే ఇలా ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు ఎంత చుట్టుదారైనా పర్లేదు, నెమ్మదిగా తీసుకురమ్మను" అంది.