కంట్లో వేసిన పసరు దాచవద్దు



జీడితోటలో కూలికి కంట్లో కొమ్మ గీసుకుంటుంది. ఇంటివారు ఆకు పసరు పిండుతారు. నొప్పి ముదిరాక పలాసకో, టెక్కలికో పరుగు. "ఏమి వేశారు?" అని డాక్టరుగారు అడిగితే, తిడతారన్న భయంతో "ఏమీ లేదండి" అంటారు.

ఆ మాటే ముప్పు. కొమ్మ గీసిన కంట్లో బూజు చేరి నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. పసరుతో మరిన్ని క్రిములు చేరవచ్చు. పుండు మానినా పువ్వు మిగలవచ్చు. దుకాణంలో కొన్న స్టెరాయిడ్ చుక్కల సంగతీ చెప్పాలి. బూజు పుండుకు అవి కీడు. ఉద్దానం వారు మూత్రపిండాల జబ్బునూ, తాగుతున్న నాటుమందునూ కంటి డాక్టరుకు చెప్పాలి. కంటి ఒత్తిడికి ఇచ్చే కొన్ని మాత్రలు ఆ జబ్బున్నవారికి పడవు.

తోబీతు కంటికి చేప పిత్తం పూయలేదా అని కొందరు అడుగుతారు. పూశారు. అది రఫాయేలు దూత చూపిన మందు, ఎవరికి తోచింది వారు వేసింది కాదు.

యెరికో వద్ద గ్రుడ్డి బర్తిమయికి చూపునిచ్చే ముందు, ఏమి కోరుతున్నావని ప్రభువు అడిగారు (మార్కు 10). అతడు దాచక చెప్పాడు. డాక్టర్లారా, మీరూ నెమ్మదిగా అడగండి. గద్దిస్తే నిజం గొంతులోనే ఆగిపోతుంది. విశ్వాసులారా, మీరు సిగ్గుపడక చెప్పండి. పసరు వేసిన అమ్మమ్మను నిందించకండి. ఆమె వేసింది ప్రేమతోనే. ఈసారి కంటికి దెబ్బ తగిలితే ఆ ప్రేమతోనే బిడ్డను ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లమని ఆమెకు చెప్పండి.